లెన్సు మార్చే ముందు కెమెరా రీసెట్ చెయ్యి తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. తిరుపతిలో ఒకరి దగ్గర వాడిన కెనాన్ 1500డి కెమెరా కొన్నావు, దాంతో పాటు 18-55 కిట్ లెన్సూ (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు), 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సూ ఇచ్చారు. మీ అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో తీస్తే సగానికి పైగా ఫొటోలు మసగ్గా వచ్చాయి, పక్కనే నిలబడి ఫోన్‌లో తీసినవాళ్ళవి మాత్రం బాగున్నాయి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసినా అంతా మసగ్గానే ఉంది, షాపులో చూపిస్తే లెన్సు పోయింది కొత్తది కొనుక్కోమన్నారు, వచ్చే నెల గంగమ్మ జాతర ఉంది, ఆలోపు బాగవుతుందా లేక అమ్మేయాలా అని అడిగావు. అమ్మొద్దు. కొత్త లెన్సు కూడా కొనొద్దు, కనీసం కింద రాసిన పరీక్షలు చేసేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు.

చాలా ఏళ్ళుగా ఇక్కడే పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు, జాతర్లు తీస్తున్నాను, నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు కెమెరా నేర్పిస్తున్నాను. లెన్సు పోయిందని చెప్పి నా దగ్గరికి తెచ్చిన కెమెరాల్లో నిజంగా లెన్సు పోయినవి చాలా తక్కువ. ఎక్కువగా పాత ఓనరు మార్చి అలాగే వదిలేసిన సెట్టింగులు ఉంటాయి, లేదంటే షటర్ స్పీడు, అంటే ఫొటో పడేటప్పుడు వెలుతురు లోపలికి ఎంతసేపు వస్తుందో, అది చూసుకోకుండా నొక్కేస్తుంటారు. నీ కేసులో ఈ రెండూ కలిశాయని నా అనుమానం. ఎందుకో చెప్తాను.

కెమెరా పక్కన పెట్టి ముందు ఆ ఫంక్షన్ ఫొటోలు కంప్యూటర్‌లో తెరువు. వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగినవి కాదు, కార్డులోంచి కాపీ చేసిన ఒరిజినల్స్. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోని కుదించేస్తుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం, ఎవరికైనా చూపించాలంటే డాక్యుమెంట్‌గా పంపు. ఇప్పుడు ఒక ఫొటోని పెద్దది చేసి నాలుగు మూలలూ తిరిగి చూడు. ఎక్కడైనా, ఎంత చిన్న చోటైనా సరే, స్పష్టంగా ఉందా?

పాప మొహం మసగ్గా ఉండి వెనక కట్టిన బంతిపూల దండలో రేకులు విడివిడిగా కనిపిస్తున్నాయనుకో, నీ లెన్సుకి ఏమీ కాలేదు, ఫోకస్ పాప మీద పడకుండా దండ మీద పడింది, అంతే. అలా కాకుండా ఫొటో మొత్తం, గోడతో సహా, ఒకే దిక్కుకి సాగినట్టుండి, సీరియల్ లైట్లు చుక్కల్లా కాకుండా చిన్న చిన్న గీతల్లా పడ్డాయంటే నీ చెయ్యి కదిలింది. గోడ, కుర్చీలు, వెనక కూర్చున్న పెద్దవాళ్ళు బాగానే ఉండి, అక్షింతలు వేస్తున్న చెయ్యి ఒక్కటే చెరిగిపోయిందంటే కదిలింది నువ్వు కాదు, ఎదురుగా ఉన్న మనిషి. ఈ మూడింట్లో ఏదీ కాకుండా ఫొటో అంతా తెల్లగా పొగ పట్టినట్టుండి, నలుపు నల్లగా లేకపోతే అప్పుడు అద్దం మీద మరక, తేమ, ఫంగస్ లాంటివి అనుమానించాలి. దగ్గరగా చూస్తే గరుకు గరుకుగా ఉండి వెంట్రుకలు కలిసిపోతే అది ఐఎస్ఓ (తక్కువ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) బాగా పెరిగినందువల్ల, దాన్ని బ్లర్‌తో కలపొద్దు. బ్లర్ అనే ఒక్క పేరుతో మనం పిలిచేవి ఇన్ని రకాలు, ఒక్కోదానికి చెయ్యాల్సిన పని వేరు. షాపువాళ్ళు ఈ ఫొటోలు చూడకుండా లెన్సు పోయిందని ఎలా చెప్పారో నాకైతే అర్థం కావడం లేదు.

అదే ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడు. షటర్ స్పీడు, అపెర్చర్ (లెన్సు లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎన్ని ఎంఎం దగ్గరుందో) అన్నీ అందులో రాసి ఉంటాయి. బాగా వచ్చినవి ఒక పక్క, పాడైనవి ఒక పక్క పెట్టి ఈ అంకెలు కాగితం మీద రాసుకో. పాడైనవాటిలో షటర్ స్పీడు 1/15, 1/20, 1/10 సెకను లాంటివి కనిపిస్తే సగం సమాధానం అక్కడే దొరికినట్టు.

ఇక రీసెట్. కొత్తవాళ్ళు ఇక్కడే భయపడతారు, రీసెట్ కొడితే ఫొటోలు పోతాయేమోనని. పోవు. కార్డులోని ఫొటోలు పోయేది ఫార్మాట్ చేస్తేనే, రీసెట్‌కి దాంతో సంబంధం లేదు. పైన ఉన్న చక్రాన్ని ముందు పి (షటర్, అపెర్చర్ రెండూ కెమెరానే చూసుకునే మోడ్) మీదికి తిప్పు, ఎందుకంటే ఆకుపచ్చ ఆటోలో గానీ, మనిషి బొమ్మ, కొండ బొమ్మ ఉన్న మోడ్‌లలో గానీ ఈ మెనూ కనిపించదు. మెనూ నొక్కి, పానా గుర్తు ఉన్న పేజీల్లో చివరిదానికి వెళ్ళు, క్లియర్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో రెండు వరసలుంటాయి, ఒకటి క్లియర్ ఆల్ కెమెరా సెట్టింగ్స్, రెండోది క్లియర్ ఆల్ కస్టమ్ ఫంక్షన్స్. రెండూ కొట్టాలి. అందరూ మొదటిది కొట్టి ఊరుకుంటారు, అసలు తిప్పలు పెట్టేది రెండో దాంట్లో దాక్కుని ఉంటుంది.

ఎలాగంటే, పక్షులు, ఆటలు తీసేవాళ్ళలో చాలామంది ఫోకస్‌ని షటర్ బటన్ నుంచి తీసేసి వెనక బొటనవేలి దగ్గరున్న నక్షత్రం గుర్తు బటన్‌కి మార్చుకుంటారు. బ్యాక్ బటన్ ఫోకస్ అంటారు దీన్ని. అలవాటైనవాళ్ళకు చాలా సుఖం, కానీ ఆ సంగతి తెలియనివాడి చేతిలో పడితే షటర్ సగం నొక్కినా లెన్సు కదలదు, పూర్తిగా నొక్కితే మాత్రం టక్కున ఫొటో పడుతుంది, ఫోకస్ ఎక్కడో అక్కడే ఉండిపోతుంది. నెలపట్టు, పులికాట్ వైపు పక్షుల కోసం వెళ్ళేవాళ్ళు మన తిరుపతిలో బాగానే ఉన్నారు, నీకు అమ్మినాయన కూడా అలాంటివాడే అయ్యుండొచ్చు. రీసెట్ కొట్టకముందే ఒకసారి చూడు: షటర్ సగం నొక్కితే బీప్ రాకుండా, నక్షత్రం నొక్కితే వచ్చిందంటే నీ సమస్యలో పెద్ద భాగం అదే.

ఇంకో గుర్తు కూడా ఉంది. వన్ షాట్ అనే ఫోకస్ మోడ్‌లో కెమెరాకి ఫోకస్ దొరక్కపోతే మామూలుగా అది ఫొటో తియ్యనే తియ్యదు, ఎంత నొక్కినా మొండికేస్తుంది. నీ కెమెరా మాత్రం ఏమీ ఫోకస్ కాకపోయినా ఫొటోలు తీసేస్తోందంటే మూడు కారణాలే ఉంటాయి. లెన్సు మీద స్విచ్ ఎంఎఫ్ (చేత్తో ఫోకస్ చేసుకునేది) వైపు ఉంది, లేదా ఫోకస్ మోడ్ ఏఐ సర్వోలో ఉంది, లేదా ఇప్పుడు చెప్పిన బ్యాక్ బటన్. కూర్చున్న మనుషులకు వన్ షాట్, పరిగెత్తేవాళ్ళకు ఏఐ సర్వో. సర్వోలో పెట్టి పాప కంటి మీద ఫోకస్ చేసి, కెమెరాని కాస్త పక్కకి జరిపి తీశావనుకో, జరిగినంతసేపూ అది ఫోకస్ మారుస్తూనే ఉంటుంది, వెనక గోడ మీదికి వెళ్ళిపోతుంది. రీసెట్ అయ్యాక వన్ షాటే ఉంటుంది, నీకు అదే కావాలి ప్రస్తుతానికి.

రీసెట్ ముట్టుకోనివి కొన్నున్నాయి, చేత్తో తిప్పేవన్నీ. లెన్సు పక్కన ఏఎఫ్, ఎంఎఫ్ స్విచ్ బ్యాగులో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు దానంతట అదే జారిపోతూ ఉంటుంది, ప్రతిసారీ చూసుకోవాల్సిందే. కిట్ లెన్సు మీద స్టెబిలైజర్ (చేతి వణుకుని తగ్గించేది) స్విచ్ ఆన్‌లో ఉండాలి, స్టాండు మీద పెట్టినప్పుడు మాత్రం ఆఫ్ చెయ్యి. నీ 50 లెన్సుకి స్టెబిలైజర్ లేదు, అందుకే అది ఇంకా జాగ్రత్తగా పట్టుకోవాలి. వ్యూఫైండర్ మసగ్గా ఉందన్నావు చూడు, దానికీ ఫొటోకీ సంబంధమే లేదు. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఒకటుంటుంది, డయాప్టర్ అంటారు, పాత ఓనరు తన కంటి చూపుకి తగ్గట్టు తిప్పుకుని ఉంటాడు. తెల్ల గోడ వైపు చూస్తూ లోపల కనిపించే ఆ 9 ఫోకస్ చతురస్రాల గీతలు సన్నగా, నల్లగా కనిపించేదాకా తిప్పు. గోడని చూడొద్దు, గీతల్ని చూడు. అద్దాలు పెట్టుకునేవాడివైతే పెట్టుకునే చెయ్యి.

ఇంకో చిన్న సంగతి. నీది పాత రకం 18-55 ఐఎస్ 2 అయితే ఫోకస్ అయ్యేటప్పుడు లెన్సు ముందు రింగు తిరుగుతుంది. ఎడమ చేతి వేళ్ళు దాని మీద పెట్టి గట్టిగా పట్టుకుంటే అది తిరగలేక ఆగిపోతుంది, మోటారుకీ మంచిది కాదు. అరచెయ్యి లెన్సు కింద పెట్టి, వేళ్ళు వెనక ఉన్న జూమ్ రింగు మీద ఉంచు, మోచేతులు రెండూ డొక్కలకి ఆనించు.

నికాన్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు షూటింగ్ మెనూలో ఒక రీసెట్, కస్టమ్ సెట్టింగ్స్‌లో ఇంకో రీసెట్ విడివిడిగా ఉంటాయి, ఇక్కడ కూడా రెండూ చెయ్యాలి. ఏఎఫ్-పి అని రాసున్న కిట్ లెన్సుల మీద స్విచ్చులే ఉండవు, ఆ పనులు మెనూలోనే చెయ్యాలి, మరీ పాత కెమెరాలైతే ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చూసుకోండి.

రీసెట్ అయ్యింది కదా, ఇప్పుడు ఇంట్లోనే ఒక పరీక్ష. పగటిపూట, కిటికీ వెలుతురు బాగా పడే గోడకి ఒక దినపత్రిక అంటించు. అమ్మ దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ బట్ట ఉంటే ఇంకా మంచిది, కలంతో గీసిన సన్నటి గీతలు ఫోకస్ ఏ మాత్రం తప్పినా పట్టించేస్తాయి. కెమెరాని స్టాండు మీదో, లేకపోతే బల్ల మీద పుస్తకాల దొంతర పెట్టి దాని మీదో ఉంచు, గోడకి తిన్నగా, మీటరున్నర దూరంలో. స్టెబిలైజర్ ఆఫ్, ఏవీ మోడ్ (అపెర్చర్ నువ్వు చెప్తావు, షటర్ స్పీడు కెమెరా చూసుకుంటుంది), ఎఫ్ 8, ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమర్. చెయ్యి తగలకుండా తియ్యి. కిట్ లెన్సుతో 18 దగ్గర ఒకటి, 35 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి, ఆ తర్వాత 50 లెన్సుతో. ఈ ఫొటోల్లో అక్షరాలు పదునుగా కనిపిస్తే నీ కెమెరా బాడీ, లెన్సులు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి, ఫంక్షన్‌లో జరిగింది సెట్టింగుల వల్లే. నా అంచనా ప్రకారం పదునుగానే వస్తాయి.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సింది షటర్ స్పీడు. మిగతావన్నీ తర్వాత నేర్చుకున్నా పర్వాలేదు, ఇది మాత్రం ఈ వారంలోనే వంటబట్టించుకో. వ్యూఫైండర్ అడుగున కనిపించే 60, 125, 250 అంకెలు సెకనులో ఎన్నో వంతు అనేది చెప్తాయి, 60 అంటే 1/60 సెకను. అంకె పక్కన రెండు చిన్న గీతలుంటే అవి నిండు సెకన్లు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఎంత వేగం ఉండాలో ఒక పాత లెక్కుంది: లెన్సు ఎన్ని ఎంఎం దగ్గరుందో దాన్ని 1.6తో గుణించు, ఎందుకంటే నీ కెమెరా సెన్సార్ (ఫొటో పడే చిప్) ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్ము రీలు సైజు కంటే చిన్నది. 50 లెన్సుకి 80 వస్తుంది, అంటే 1/80 కంటే నెమ్మదిగా వెళ్ళొద్దు, నేనైతే 1/100 అంటాను. 250 దాకా వెళ్ళే జూమ్ తర్వాతెప్పుడైనా కొంటే 1/400 కావాలి. స్టెబిలైజర్ ఉంటే ఇంకాస్త తగ్గించొచ్చు కానీ ఒక్క మాట గుర్తు పెట్టుకో, స్టెబిలైజర్ ఆపేది నీ చేతి వణుకునే, ఎదుటి మనిషి కదలికని అది ఆపలేదు. కూర్చుని నవ్వుతున్న మనిషికి 1/125, నడుస్తున్నవాళ్ళకి 1/250, డప్పు దెబ్బకి ఎగురుతున్నవాళ్ళకి 1/500 కావాలి. ఫంక్షన్ హాల్లో చేతులు చెరిగిపోయిన ఫొటోలకి సమాధానం ఇదే.

మరి కెమెరా 1/15 ఎందుకు పెట్టుకుంది అంటే, వెలుతురు చాలక. ట్యూబ్ లైటు కింద మన కంటికి అంతా బాగానే కనిపిస్తుంది, కెమెరాకి మాత్రం అది చీకటే. కిట్ లెన్సుని 55కి జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, 18 దగ్గరైతే ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది. జూమ్ చేసేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది, అదే సమయంలో చేతి వణుకు ఎక్కువగా కనిపిస్తుంది, రెండు దెబ్బలూ ఒకేసారి. అందుకే హాల్లో జూమ్ చెయ్యడం మానేసి రెండడుగులు ముందుకెయ్యి. నీ దగ్గరున్న 50 లెన్సు ఎఫ్ 1.8 దగ్గర, కిట్ లెన్సు ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు 10 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. కిట్ లెన్సుతో 1/30 వచ్చే చోట దాంతో 1/300 వస్తుంది. ఇంత మంచి లెన్సు చేతిలో పెట్టుకుని కొత్తది కొనుక్కోమన్నారంటే నాకు బాధేస్తోంది.

ఫోన్ ఫొటోలు ఎందుకు బాగున్నాయో కూడా ఇందులోనే ఉంది. ఫోన్ సెన్సార్ చాలా చిన్నది కాబట్టి ముందున్న మనిషి, వెనకున్న గోడ రెండూ ఫోకస్‌లోనే ఉంటాయి, తప్పడానికి పెద్దగా అవకాశమే లేదు. పైగా వెలుతురు తక్కువైతే అది ఒకదాని వెంట ఒకటి చాలా ఫొటోలు తీసి లోపలే కలిపేస్తుంది. నీ కెమెరా ఒక్కటే ఫొటో తీస్తుంది, నువ్వు చెప్పినట్టే తీస్తుంది.

మొదట్లో టీవీ మోడ్ వాడు, అంటే షటర్ స్పీడు నువ్వు చెప్తావు, అపెర్చర్ కెమెరా చూసుకుంటుంది. 125 పెట్టు, ఐఎస్ఓ ఆటోలో ఉంచు, మెనూలో ఐఎస్ఓ ఆటో గరిష్ఠం 3200 చెయ్యి, రాత్రిపూట 6400కి పెంచినా తప్పు లేదు. అపెర్చర్ అంకె మిణుకు మిణుకుమంటుంటే కెమెరా ఇక తన వల్ల కాదంటోందని అర్థం, ఫొటో చీకటిగా వస్తుంది, అప్పుడు ఐఎస్ఓ పెంచాలి లేదా 50 లెన్సు తగిలించాలి. ఐఎస్ఓ పెరిగితే గరుకు వస్తుందని చాలామంది 400 దాటడానికి భయపడతారు. గరుకుగా ఉన్నా పదునుగా ఉన్న ఫొటో ఆల్బమ్‌లో నిలబడుతుంది, ప్రింటు వేస్తే ఆ గరుకు చాలావరకు కనిపించదు కూడా. చెయ్యి కదిలి చెరిగిపోయిన మొహాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా తిరిగి తేలేదు. ఈ విషయంలో నేను రాజీ పడను, పిల్లలకి కూడా ఇదే చెప్తాను.

ఫోకస్ పాయింట్ సంగతి. రీసెట్ చేశాక 9 పాయింట్లలో ఏది వాడాలో కెమెరానే ఎంచుకుంటుంది, అది సాధారణంగా అన్నిటికంటే దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది. మన ఎస్వీ జూ పార్కుకి వెళ్ళి తెల్లపులిని కంచె వెనక నుంచి తీసి చూడు, కంచె తీగలు తళతళలాడుతూ వస్తాయి, పులి మసగ్గా ఉంటుంది. ఫంక్షన్‌లో కూడా అంతే, పాప ముందు పళ్ళేలు, దీపపు సెమ్మెలు, పూలబుట్టలు ఉంటాయి కదా, కెమెరా వాటినే పట్టుకుంటుంది. అందుకని వెనక కుడి మూలలో భూతద్దం గుర్తున్న బటన్ నొక్కి, తర్వాత సెట్ నొక్కితే మధ్య పాయింట్ ఒక్కటే మిగులుతుంది. నీ కెమెరాలో అన్నిటికంటే నమ్మదగిన పాయింట్ ఆ మధ్యదే, అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండిటినీ పట్టగలిగేది అదొక్కటే. దాన్ని పాప కంటి మీద పెట్టి సగం నొక్కు, బీప్ వచ్చాక వేలు తియ్యకుండా కాస్త ఫ్రేమ్ సర్దుకుని మిగతా సగం నొక్కు. నున్నటి గోడ, ఒకే రంగు చీర లాంటివాటి మీద పెడితే ఏ కెమెరాకీ ఫోకస్ దొరకదు, అంచు ఉన్న చోట పెట్టాలి.

50 లెన్సుని ఎఫ్ 1.8లో వాడేటప్పుడు ఫ్రేమ్ మరీ జరపొద్దు. మీటరున్నర దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. కన్ను పదునుగా ఉంటే చెవి మసగ్గా ఉంటుంది, నువ్వు రెండంగుళాలు ముందుకి వంగినా కన్ను కూడా పోతుంది. వెనకంతా మసక చేసి మొహం ఒక్కటి చూపించడం ముచ్చటగా ఉంటుంది నిజమే, కానీ నేర్చుకునేదాకా ఎఫ్ 2.8లో తియ్యి, ఇద్దరుంటే ఎఫ్ 4, రెండు వరసల్లో నిలబడిన చుట్టాలందరికీ ఎఫ్ 5.6 లేదా 8. మరీ ఎఫ్ 22 దాకా వెళ్ళినా మళ్ళీ పదును తగ్గుతుంది, అవసరం లేదు. దగ్గరికి వెళ్ళడానికి కూడా ఒక హద్దుంది, కిట్ లెన్సు 25 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ అవ్వదు, 50 లెన్సు మీద ఎస్‌టీఎం అని రాసుంటే 35, దానికి ముందు వచ్చిన వెర్షనైతే 45. ఉంగరాలు, మెహందీ తీస్తూ ఇంకా దగ్గరికి వెళ్తే అది అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంటుంది.

జాతరకి ముందు ఒక ఆదివారం ఉదయాన్నే చంద్రగిరి కోటకి వెళ్ళు. రాజమహల్ ఎదురుగా నిలబడితే ఆర్చీలు, సున్నపు పని, కిటికీలు అన్నీ కదలకుండా నీ కోసం ఉంటాయి, ఒకే ఆర్చీని 1/15లో, 1/60లో, 1/250లో తీసి ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఏ పుస్తకమూ నేర్పనంత తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చు, రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు. తిరుమలలో గుడి లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ప్రాక్టీసు కోసం ఆ ఆలోచన పెట్టుకోవద్దు. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఊళ్ళోంచి శేషాచలం కొండల్ని జూమ్ చేసి తీసి, మసగ్గా ఉన్నాయని కంగారు పడొద్దు, వేడికి గాలి కదులుతుంటే దూరపు దృశ్యం ఏ లెన్సుతోనైనా అలాగే వస్తుంది. పొద్దున్నే తీస్తే అదే కొండ రాళ్ళతో సహా కనిపిస్తుంది.

జాతరలో భక్తులు మొక్కుగా వేసుకునే వేషాలు నీకు పెద్ద పరీక్ష. తోటి వేషంలో ఒంటికి బొగ్గు పూసుకుంటారు, ఆ నల్లటి చెంప మీద ఫోకస్ పాయింట్ పెడితే కెమెరాకి పట్టుకోవడానికి ఏ అంచూ దొరకదు, కంటి తెలుపూ నలుపూ కలిసే చోట పెట్టు. పైగా ఫ్రేమ్ నిండా నలుపుంటే కెమెరా వెలుతురు తక్కువనుకుని ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుగు, పెంచేస్తుంది, ఏవీ లేదా పి మోడ్‌లో ఉంటే షటర్ నెమ్మదించి మనిషి చెరిగిపోతాడు. అందుకే అక్కడ టీవీ మోడ్‌లో 250 కంటే తగ్గొద్దు, పగలైతే 500. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గిస్తే నలుపు నల్లగానే వస్తుంది. బైరాగి వేషంలో తెల్లటి సుద్ద పూసుకున్నప్పుడు దీనికి తలకిందులు, కాస్త పెంచాలి. జనం నీ వైపు నడిచి వస్తుంటే అప్పుడు ఏఐ సర్వో పెట్టు, మధ్య పాయింట్‌ని మనిషి మీద నుంచి జరపకుండా వరసగా మూడు నాలుగు తియ్యి. నొక్కేటప్పుడూ వదిలేటప్పుడూ వేలు కదులుతుంది కాబట్టి మొదటిదాని కంటే మధ్యలోవే ఎక్కువగా పదునుగా వస్తాయి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళ మొహం మీద ఫ్లాష్ కొట్టొద్దు. పూర్తి ఆటోలో పెడితే చీకట్లో ఫ్లాష్ దానంతట అదే లేస్తుంది, ఆ మోడ్ వాడకపోవడానికి ఇదొక్క కారణం చాలు.

అద్దం శుభ్రం గురించి. చొక్కా అంచుతో, కండువాతో తుడవొద్దు. బ్లోయర్‌తో దుమ్ము ఊది, మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడువు. వెనక అద్దం, అంటే బాడీలోకి వెళ్ళేవైపుది, దాని మీద వేలిముద్ర పడితే ముందు అద్దం మీద పడినదాని కంటే ఎక్కువ చెడగొడుతుంది. పాత ఓనరు లెన్సు ముందు చవక యూవీ ఫిల్టర్ ఏదైనా తగిలించి ఉంటే అది విప్పేసి ఫొటో తీసి చూడు, రాత్రి లైట్ల ముందు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి ఒక్కసారిగా తలకోనలాంటి తేమ ఉన్న చోట దిగితే అద్దం మీద ఆవిరి పడుతుంది, తుడవకుండా కాసేపు బ్యాగులోనే ఉంచితే పోతుంది. నవంబరు, డిసెంబరు వానల్లో కెమెరాని నెలలకొద్దీ బీరువాలో మూసిపెడితే ఫంగస్ వస్తుంది. లెన్సు విప్పి వెనక నుంచి టార్చి వేసి చూడు, లోపల సన్నటి దారపు పోగుల్లా అల్లుకుని ఉంటే అదే. కొద్దిగా ఉంటే ఫొటోలో తేడా కూడా తెలియదు, కానీ ఆగకుండా పెరుగుతుంది, సర్వీసు సెంటర్‌లో చూపించాలి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టుకో. సెన్సార్ మీద దుమ్ము ఉంటే ఆకాశంలో నల్ల చుక్కలు వస్తాయి, బ్లర్ రాదు.

ఇన్ని చేశాక కూడా గోడ మీద పేపరు పరీక్షలో మసక వచ్చిందనుకో, అప్పుడు ఆఖరి పరీక్ష. అదే స్టాండు మీద, అదే పేపరుని, 50 లెన్సుతో ఎఫ్ 1.8లో, మధ్య పాయింట్ పెట్టి వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి తియ్యి. తర్వాత లైవ్ వ్యూ (వెనక స్క్రీన్‌లో చూసి తీసేది) బటన్ నొక్కి, స్క్రీన్ మీద 10 రెట్లు పెద్దది చేసి, అక్కడే ఫోకస్ చేసి ఇంకోటి తియ్యి. లైవ్ వ్యూలో కెమెరా నేరుగా సెన్సార్ మీద పడే బొమ్మని చూసి ఫోకస్ చేస్తుంది, వ్యూఫైండర్‌లో ఐతే వేరే ఫోకస్ సెన్సార్ ఉంటుంది, అది కొద్దిగా తప్పు చెప్పే అవకాశం ఉంది. లైవ్ వ్యూది పదునుగా, వ్యూఫైండర్‌ది ప్రతిసారీ మసగ్గా వస్తే లెన్సు అద్దాలు బాగున్నాయి, ఫోకస్ అలైన్‌మెంట్ పోయింది. 80డి లాంటి పెద్ద బాడీల్లో దాన్ని మెనూలోనే సరిదిద్దుకోవచ్చు, నీ 1500డిలో ఆ సదుపాయం లేదు, సర్వీసులో చేయించాలి. రెండూ మసగ్గా వచ్చి, ఫొటోలో ఒక పక్క బాగుండి ఇంకో పక్క మాత్రమే మసగ్గా ఉంటే లెన్సు ఎప్పుడో కింద పడి లోపలి అద్దం పక్కకి జరిగుండొచ్చు, అప్పుడు మాత్రం షాపువాళ్ళ మాట నిజమే. అలాంటప్పుడు కూడా బాగు చేయించడానికయ్యే ఖర్చు, ఇంకో వాడిన 18-55 ధర రెండూ కనుక్కుని పోల్చి చూసుకో. కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీసు సెంటర్‌కే ఇవ్వు, బాడీ, లెన్సు రెండూ కలిపి ఇవ్వాలి, ఒక్కటే ఇస్తే వాళ్ళు రెండింటినీ కలిపి సరిచూడలేరు. ఈ రెండు టెస్ట్ ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, రసీదు మీద లైవ్ వ్యూలో బాగుంది, వ్యూఫైండర్‌లో ఫోకస్ తప్పుతోంది అని నువ్వు చూసిందే రాయించు.

టెన్షన్ పడకుండా ముందు రీసెట్ కొట్టి పేపరు పరీక్ష చెయ్యి. ఆ ఫొటోలు, ఫంక్షన్‌లో బాగా పాడైనవి ఒక మూడు నాలుగు, ఒరిజినల్ ఫైళ్ళే పెట్టు. అంకెలు చూసి ఏది ఎందుకు పోయిందో ఒక్కోదానికీ విడిగా చెప్తాను.